వంటావార్పు నాడు ఆపిన ఆటో

మా బావ పట్టింపు మనిషని, చిన్న మాటకే అలిగి మా ఇంటికి రావడం మానేశాడని మా వాడకట్టులో ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. అలా అనుకునేలా చేసింది నేనే.

కొత్త జిల్లాలు వస్తున్నప్పుడు మా మండలాన్ని నల్గొండలోనే ఉంచాలని మేము రోడ్డెక్కాం. అక్కను ఇచ్చింది పక్క మండలం. వాళ్లకు భువనగిరి దగ్గర, అందుకని కొత్త జిల్లాయే కావాలన్నారు. వంటావార్పు రోజు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నం వండుతుంటే బావ ఆటో వచ్చింది. వెనక అక్క. కంటి పరీక్షకు నల్గొండ పోతున్నారు.

"బామ్మర్దీ, జర తొవ్వ ఇయ్యి. డాక్టరు ఎల్లిపోతడు."

అందరూ నావైపే చూస్తున్నారు. "మీకు భువనగిరి కావాలె గదా. దవాఖాన గూడ గాడనే చూసుకోండ్రి," అన్నాను. నవ్వులు లేచాయి. బావ ఆటో వెనక్కి తిప్పాడు. అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎండకేమో అనుకోవాలని చూశాను. ఆమె కన్ను తర్వాత బాగైందని కూడా పరాయివాళ్లే చెప్పారు.

జిల్లాలు మా పొయ్యిలను అడిగి రాలేదు. మా మండలమూ భువనగిరి వైపే పోయింది. ఇప్పుడు ఏ కాగితం కావాలన్నా నేనూ అక్కడికే పోతాను. నా చేతిలో లేనిదాని కోసం అంత అరిచి, చేతిలో ఉన్న ఆ కాస్త తొవ్వ ఇవ్వలేకపోయాను.

అప్పటినుంచి అక్కకు ఒడిబియ్యం పోయలేదు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పసుపు బియ్యం పోయకపోతే నలుగురూ అడుగుతారు. అడిగినవాళ్లందరికీ "బావ పంపుతలేడు" అని చెప్పాను.

మొన్న మనసు నిలవక వాళ్లింటికి పోయాను. బావ మంచం మీంచి లేవలేదు.

"ఏం బామ్మర్దీ, తొవ్వల ఎవ్వరు ఆపలేదా?"

"అక్కకు ఒడిబియ్యం పోద్దామని వచ్చిన బావా."

"నన్నడుగుడెందుకు? నేనెన్నడన్న వద్దన్ననా?"

అక్క చాయ తెచ్చి నా ముందు పెట్టింది. "వస్తనో రానో ఇప్పుడే చెప్ప. ముందుగాల ఈయన మీద ఏసిన మాట దింపు. ఏసింది నువ్వే, దింపాల్సింది నువ్వే," అంది.

తిరిగొచ్చి అసలు జరిగింది ఇంటింటికీ చెబుతున్నాను. కొందరు విన్నారు. ఒకతను "గిప్పుడెందుకు తవ్వుతున్నవే అన్నా?" అని నవ్వాడు. అందుకే రాసి కూడా పెడుతున్నాను.

మంచి రోజు చూపించమంటావా అని మా ఆవిడ రోజూ అడుగుతోంది. అక్క మాట వచ్చేదాకా ఆగమంటున్నాను. ఫోను మోగితే చాలు, తింటున్నవాణ్ని తింటున్నట్టే లేస్తున్నాను. ఇంకెవరో మాట్లాడుతున్నారు.