లీటరు మాస్టారి లెక్క

లీటరు మాస్టారికి కారు నడిస్తే కాదు, ఆగిపోతేనే ఆనందం. రిటైరైన సైన్సు మాస్టారాయన. ట్యాంకు నింపించి మైలేజీ లెక్కగట్టేవాళ్లంటే ఆయనకు జాలి. ట్యాంకు నిండిందంటూ బంకులో పంపు ఒక్కోసారి ఒక్కో దగ్గర ఆగుతుంది, అదేం కొలత? ఆయన పద్ధతిలో పెట్రోలు చుక్క కూడా మిగలకుండా అయిపోయి బండి ఆగాలి. అప్పుడు సరిగ్గా లీటరు పోసి, మళ్లీ ఆగేదాకా నడపాలి.

ఈ పరిశోధనలో తోసే భాగం భార్యది. ఆవిడ సీటు కింద కాన్వాసు బూట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఒకసారి ఆవిడ సొంత తమ్ముడి పెళ్లికి వెళ్తుంటే నాలుగు రోడ్ల కూడలిలో కారు ఆగింది. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే మాస్టారు తాపీగా దిగి, "పద్నాలుగు పాయింటు ఆరు. పోయిన నెల కంటే మెరుగే" అన్నారు. ఆవిడ అప్పటికే తోస్తోంది. పెళ్లికొడుకు అక్క భోజనాల వేళకి చేరింది.

అలాంటి మనిషి ఓ వారంగా పొద్దున్నే మాయమవుతున్నారు. కారేమో ఇంటి ముందే ఉంటోంది. తిరిగొచ్చేసరికి చొక్కా నిండా మడ్డి. అడిగితే నీళ్లు నమిలారు. సొంత కారు చాలక ఊళ్లోవాళ్ల బళ్లు కూడా ఆపుతున్నారు కాబోలని ఆవిడ తల పట్టుకుంది.

ఆదివారం, రీడింగు రాయడానికి మనిషి కావాలంటూ ఆయనే పిలిచారు. ఆవిడ బూట్లు వేసుకునే బయల్దేరింది. వీధి చివర మంచినీళ్ల డబ్బాలు వేసే వ్యాను, దాని యజమాని, తలొంచుకుని నిలబడ్డ డ్రైవరు. సంగతి అక్కడే తెలిసింది. లీటరుకి పదహారు ఇవ్వాల్సిన వ్యాను పదకొండే ఇస్తోందని, మిగతా పెట్రోలు డ్రైవరే అమ్ముకుంటున్నాడని యజమాని నింద వేశాడు. డ్రైవరు ఉద్యోగానికి ఆ రోజే ఆఖరు.

"ఆ పదహారు ఎప్పుడు చూశారు?" అని మాస్టారు అడిగారు.

"కొన్నరోజు. హైవే మీద."

"ఖాళీ బండా, లోడు బండా?"

"ఖాళీదే" అన్నాడు యజమాని.

పూర్తిగా ఖాళీ చేసిన ట్యాంకులో లీటరు పోసి, వ్యాను నిండా డబ్బాలెక్కించి, మాస్టారే స్టీరింగు పట్టారు. పక్కన యజమాని. వెనక డబ్బాల మధ్య డ్రైవరూ, నోటుబుక్కుతో ఆవిడా. డ్రైవరు రోజూ ఆగే ప్రతి గుమ్మం ముందూ ఆగారు. దారిలో ఉన్న ఓ పసుపు గోడ దాటగానే బండి ఆగుతుందని మాస్టారు ముందే చెప్పేశారు. ఆరు పొద్దులు డ్రైవరుతో పాటు అదే దారిలో, అదే బండిని, అదే లోడుతో ఆపి చూసిన మనిషి మరి.

పసుపు గోడ దాటింది. వ్యాను రెండుసార్లు దగ్గి ఆగింది.

ఆవిడ దిగి రీడింగు చూసింది. ఊరంతా పిచ్చి అనుకున్న ఆ లెక్క ఒక మనిషి పరువు నిలబెట్టింది. అది చేసింది తన మొగుడు. గర్వంతో ఆవిడ ఛాతీ ఉప్పొంగింది. "పదకొండు పాయింటు రెండు" అని వీధి వీధంతా వినపడేలా చదివింది.

యజమాని మొహం తుడుచుకుని, మర్నాడు మామూలు టైముకే రమ్మని డ్రైవరుతో చెప్పాడు. మాస్టారు తృప్తిగా తలూపారు. ఆవిడ మాత్రం కదల్లేదు.

"లెక్క ఇంకా పూర్తికాలేదండీ. ఆ డ్రైవర్ని దొంగన్నారు కదా, దాని సంగతేంటి?"

యజమాని అటూ ఇటూ చూసి, తప్పైపోయిందని నోట్లోనే గొణిగాడు.

"కాస్త గట్టిగా చెప్పండి" అంది ఆవిడ పెన్ను మూత తీస్తూ. "రాసుకోవాలి."