పాట కింద మాట

అయిజ బస్టాండు పక్క సందులో బషీర్ ఫొటో స్టూడియో. ఇప్పుడంటే ఆధార్ ఫొటోలతో, జిరాక్సులతో నడుస్తోంది గానీ, పదిహేనేళ్ల కిందట పెళ్లి సీడీ అంటే బషీర్ చేసిందే కావాలనేవారు. కారణం మెనూ. సీడీ పెట్టగానే టీవీ నిండా మామిడాకుల పందిరి, దాని కింద నాలుగు గడులు: నలుగు, తలంబ్రాలు, విందు, అప్పగింతలు. ఒక్కో గడిలో ఇరవై సెకన్ల బొమ్మ కదులుతూ, అయిపోగానే మళ్లీ మొదలయ్యేది. మిగతా స్టూడియోల వాళ్లు అన్ని పెళ్లిళ్లకూ ఒకే గులాబీ పూల మెనూ అంటించి చేతులు దులుపుకునేవారు. బషీర్ మాత్రం ఏ ఇంటి మెనూ ఆ ఇంటికే చేసేవాడు. నమాజు తప్పని ఈ మనిషికి ఏ తంతు ముందో ఏది తర్వాతో కొందరు పురోహితుల కంటే బాగా తెలుసు. ఆ మాట ఎవరైనా అంటే మురిసిపోతాడు కూడా.

పెన్‌డ్రైవులు వచ్చాక మెనూ అడిగేవాళ్లే లేరు. బేరాలు లేనప్పుడు పాత సీడీలు వేసుకుని, తను చేసిన మెనూలు తనే చూసుకుంటాడు. ఒక్కరైనా వచ్చి ఆ మెనూ గురించి అడిగితే బాగుండునని ఆయనకు చెప్పలేనంత ఆశ.

మొన్న మధ్యాహ్నం నిజంగానే వచ్చారు. వడ్డేపల్లి రైతు మాసయ్య. ఆయన కూతురు పూజ పెళ్లి సీడీ బషీర్ చేసిందే. మాసయ్య భార్య నర్సమ్మ చనిపోయి ఏడాదైంది.

"భాయ్, పెండ్లంతా వద్దు. ముందుగాల నాలుగు డబ్బాలొస్తయి సూడు, గవే కావాలె. విందు డబ్బాల మా ఆమె ఉంటది," అన్నాడు మాసయ్య.

బషీర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఉత్సాహంగా తన దగ్గరున్న ఆ పెళ్లి సీడీ తీసి పెట్టాడు. విందు గడిలో నర్సమ్మ కూరగిన్నె పట్టుకుని, పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అంటోంది. పైన సన్నాయి మోగుతోంది.

"ఆ సన్నాయి జర తీసెయ్యి భాయ్. కింద ఆమె మాట ఉంటది గద. ఫోన్ల ఆమె గొంతు ఎంత ఎతికినా దొరకలే. ఒక్కసారి ఇంటే సాలు."

బషీర్ చెయ్యి ఆగిపోయింది. ఆ రోజుల్లో మిక్సింగ్ అంటే మొదట చేసే పని మాటలు చెరిపేయడమే. పిల్లల ఏడుపులు, గిన్నెల చప్పుళ్లు, ఆడవాళ్ల పిలుపులు, అంతా రొద అనుకునేవారు. అదంతా తుడిచేసి, మొదటి నుంచి చివరిదాకా పాటలు పరిచేవాడు. కెమెరా క్యాసెట్టు మీద మరో పెళ్లి తీసేసేవాడు. పాట కింద మాటంటూ ఏదీ మిగల్లేదు. అలా ఎన్ని ఇళ్లు, ఎందరి గొంతులు!

"కింద ఏం లేదన్నా. అప్పుడు నేనే తుడిచేసిన. మాఫ్ చెయ్యి."

"నోరు కదులుతుంది గద భాయ్, మాట యాడికి పోతది? తీసి సూడు."

బషీర్ సన్నాయి ఆపేశాడు. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. నర్సమ్మ పెదవులు కదిలాయి. బొమ్మ మళ్లీ మొదలైంది, మళ్లీ కదిలాయి. మాసయ్య ముందుకు వంగి స్పీకరుకు చెవి ఆనించాడు. మూడోసారికి లేచి నిటారుగా కూర్చుని, ఆమె మొహంలోకి చూశాడు.

"తిన్నవా అంటుంది," అన్నాడు. "నన్నే. నేను పొయ్యిల కాడున్న. పనిల పడి, ఆ పొద్దు జవాబే చెప్పలే."

బషీర్ కళ్లు తుడుచుకుని బొమ్మ ఆపబోయాడు. మాసయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నర్సమ్మ పెదవులు మళ్లీ కదిలాయి.

"తిన్ననే," అన్నాడు మాసయ్య. "నువ్వు తిన్నవా?"

అంతలో ఇరవై సెకన్లూ అయిపోయాయి. నర్సమ్మ కూరగిన్నెతో మళ్లీ పక్కకు తిరిగి, మళ్లీ అదే అడిగింది.