మామగారి కారు కింద తడి

ఆదివారం పొద్దున్నే రండి, కారు కడుగుదాం అని ఫోన్లో చెప్పిన మనిషి శనివారం తెల్లవారేసరికి లేరు. నిద్రలోనే పోయారట. అత్తయ్యగారు ఫోన్ చేసి "మీ మామగారు వెళ్లిపోయారు బాబూ" అన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, చిరాకు వచ్చింది. ఈయనెప్పుడూ ఇంతే, పని నా నెత్తిన పెట్టి తప్పుకుంటారు అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. యూసుఫ్‌గూడ నుంచి స్కూటర్ మీద వాళ్లింటికి వెళుతూ జూబ్లీ హిల్స్ ఎత్తెక్కుతుంటే, మలుపు దగ్గర వచ్చింది. ఆ మలుపులో మేమిద్దరం ఆగిపోయిన కారు పక్కన ఎన్నిసార్లు నిలబడ్డామో లెక్కలేదు.

మామగారు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. ఆయన పేరు తెర మీద పడే సమయానికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండేవారు. పుట్టింది తెనాలి వైపు, సగం జీవితం గడిచింది మద్రాసులో. ఎనభైల్లో సినిమా హైదరాబాదుకు తరలివస్తుంటే ఆయనా వచ్చి ఫిలింనగర్‌లో బండరాళ్ల మధ్య చిన్న ఇల్లు కట్టుకున్నారు. మద్రాసు నుంచి తెచ్చుకున్న ఆస్తల్లా ఆ పాత తెల్ల కారే. సినిమా తీసి చేతులు కాల్చుకున్న ఎవరో వదిలించుకున్న బండి అది. ఆ వదిలించుకున్నాయన తెలివైనవాడని నాకు మొదటి ప్రయాణంలోనే అర్థమైంది.

కొత్తల్లుడికి ఎవరింట్లోనైనా పట్టుబట్టలు పెడతారు. నా చేతికి నూనె డబ్బా ఇచ్చారు. నూనె ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడది కారు డిక్కీలో నీళ్లకు ఉంచే డబ్బా. ఆ రోజుల్లో మేమూ ఆ ఇంట్లోనే. ఆయన నన్ను ఆఫీసుకు దింపడానికి బయల్దేరితే, సగం ఎత్తు ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లేది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. ఈయన కారు పక్కకు తీసి, దిగి, తువ్వాలు దులుపుకునేవారు. నేను ఖాళీ డబ్బా పట్టుకుని పెద్ద పెద్ద బంగళాల గేట్ల ముందు నిలబడేవాణ్ని. వాచ్‌మన్లందరికీ నా మొహం బాగా గుర్తు.

"ఏంది సార్, మల్ల ఆగిందా? మాకే ట్యాంకర్ రాలే. జర ఆగుండ్రి, మొక్కలకు పెట్టిన బకెట్ ఉంది, తెస్త" అనేవాడు వాళ్లలో ఒకడు. వాడి దయ లేకపోతే నా ఉద్యోగం ఏనాడో పోయేది.

నీళ్లు తెచ్చాక అసలు పరీక్ష మొదలు. రేడియేటర్ మూత మీద తడి తువ్వాలు కప్పి, చేతులు కట్టుకుని నిలబడేవారు మామగారు.

"మూత తీయండి మామగారూ, నాకు ఆఫీసు టైమవుతోంది."

"కంగారుపడితే నీళ్లు చల్లారవు అల్లుడుగారూ."

ఎన్ని వందలసార్లు విన్నానో ఆ మాట. నా రక్తం మాత్రం రేడియేటర్ కంటే ఎక్కువ కాగేది. బస్సులో వెళతానంటే నొచ్చుకుంటారు. కారు అమ్మేయండి అంటే, "అన్నం పెట్టిన బండండీ" అంటారు. ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

ఆ ఎనభైల చివర్లో ఆయనకు చాలాకాలం పని లేదు. కొత్త కంపెనీలు కొత్త కుర్రాళ్లను పెట్టుకుంటున్నాయి. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ పక్కన పేపరు చదువుతూ కూర్చునేవారు. చదివిన పేపరే మళ్లీ చదివేవారు. ఆయన ముందు టీ పెట్టి అత్తయ్యగారు లోపలికి వెళ్లిపోయేది. అలాంటి రోజుల్లో మద్రాసు నాటి నిర్మాత ఒకాయన కబురు చేశాడు. శుక్రవారం పొద్దున ముహూర్తం. ఆ నిర్మాత మొదటి సినిమా ముహూర్తానికి దేవుడి పటాలు, కొబ్బరికాయలు, క్లాప్ బోర్డు మామగారి కారులోనే వెళ్లాయట, ఆ సినిమా ఆడిందట. ఈసారీ అలాగే జరగాలి. "కారుతో వస్తే సినిమా నీది. కారు లేదంటే వేరేవాణ్ని చూసుకుంటాను" అన్నాడు. సినిమావాళ్ల నమ్మకాలకు దండం పెట్టాలి. బుద్ధున్నవాడెవడైనా ఆ కారును నమ్ముకుంటాడా?

సరిగ్గా ఆ వారమే కారు ఉన్న నీళ్లన్నీ కార్చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎత్తు సగమైనా ఎక్కేది. ఇప్పుడు వీధి చివర దాకా కూడా వెళ్లడం లేదు. నీళ్లు నింపి కాసేపు ఇంజిన్ తిప్పితే చాలు, దాని కింద నేలంతా తడి. కృష్ణానగర్ మెకానిక్కు చూసి, "హోస్ పైపు పోయింది సార్" అని పైపు మార్చాడు. మర్నాడు మళ్లీ తడి. "గట్లయితే వాటర్ పంపే. పక్కా" అని పంపు మార్చాడు. మళ్లీ తడి. "బండి ముసల్దైంది సార్, నేనేం జెయ్యాలె?" అని చేతులు దులుపుకున్నాడు. ఇంట్లో ఒక ముసలి మొండితనం చాలదన్నట్టు ఇదొకటా అని నాకు ఒళ్లు మండింది.

అప్పుడు మామగారు తన సొంత వైద్యానికి దిగారు. పసుపు. లారీవాళ్లు రేడియేటర్లో పసుపు వేస్తే చిన్న చిల్లులు మూసుకుంటాయట. రాత్రి వంటింట్లో పసుపు డబ్బా మొత్తం తెచ్చి పోసి, కాసేపు ఇంజిన్ తిప్పారు. తెల్లారేసరికి కారు కింద పచ్చగా మడుగు. అత్తయ్యగారు చూసి, "గడపకి రాసినట్టుంది, శుభమే" అంది. నేను మెట్ల మీద కూలబడి తల పట్టుకున్నాను.

గురువారం సాయంత్రానికి నా ఓపిక పూర్తిగా అయిపోయింది. ఇంజిన్ ఆన్ చేసి మామగారు కారు కిందికి దూరారు. ఆయన మొహం చూడకుండా ఉంటే చాలని నేను వెళ్లి కారు ముందు గొంతుక్కూర్చున్నాను. నా కళ్లెదురుగా, జాలీకి వేలాడుతున్న నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు. ప్రతి శుక్రవారం దిష్టి తగలకుండా అత్తయ్యగారు కట్టేవి. నిమ్మకాయ పచ్చగా ఉంది సరే, దాన్ని కట్టిన తీగ కూడా పచ్చగా ఉందేమిటా అని వంగి చూశాను.

అది ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు. మా చుట్టుపక్కల ఎటు చూసినా ఇళ్లు కట్టేవాళ్లు పారేసిన ముక్కలే. గతుకుల రోడ్ల మీద దారం తెగిపోతోందని ఆవిడ వైరుకి మారింది. ఊడిపోకుండా జాలీలోంచి లోపలికి దూర్చి, చేతికి అందినదానికి గట్టిగా మెలిపెట్టింది. చేతికి అందింది రేడియేటర్. కారు కుదుపులకు వైరు కొన దాని గొట్టంలో దిగిపోయింది. చిల్లులోంచి వచ్చే నీళ్లు ఫ్యాను గాలికి వెనక్కి కొట్టుకుపోయి, ఇంజిన్ మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద కారుతున్నాయి. అందుకే అందరం వెనకాలే వెతికాం. పసుపు చిల్లును మూయలేదు గానీ చోటు చూపించింది.

"అత్తయ్యగారూ!" అని అరవబోయాను. అప్పటికే కింద నుంచి లేచొచ్చి నా భుజం మీంచి అంతా చూస్తున్న మామగారు గ్రీజు చెయ్యి నా నోటికి అడ్డం పెట్టారు. వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి ఇంజిన్ ఆపేశారు.

"అరవకండి. నాకు మంచి జరగాలని కట్టింది ఆవిడ. రేపు ఈ పని పోతే తన చేతులారా పోగొట్టానని జన్మంతా కుమిలిపోతుంది. పోకపోయినా కుమిలిపోతుంది. మీకు తెలీదు ఆవిడ సంగతి."

"మరి ఏమని చెబుతారు?"

"రాయి తగిలిందని చెబుతాను."

వైరు విప్పి జేబులో వేసుకున్నారు. రేడియేటర్ ఊడదీసి ఆటోలో పట్టుకెళ్లి టంకం పెట్టించాం. "గంత లోపటికి రాయెట్ల పోయింది సార్? ఎట్ల నడుపుతున్నరు బండి?" అని మెకానిక్కు నవ్వాడు. మామగారు తల వంచుకుని ఆ మాట పడ్డారు. తర్వాత చాలా ఏళ్లు కృష్ణానగర్‌లో ఆయన్ని 'రాయి సారు' అనే పిలిచారు. పిలిచినప్పుడల్లా నిజం చెప్పెయ్యాలని నాకు నాలుక దురద పుట్టేది. ఆశ్చర్యమేమిటంటే, ప్రతి చిన్నదానికీ ఆయన్ని దెప్పే అత్తయ్యగారు ఆ రాయి గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

మర్నాడు ముహూర్తానికి బయల్దేరుతుంటే ఆవిడ నిమ్మకాయలూ వైరూ పట్టుకుని వచ్చింది. మామగారు గొంతు సవరించుకున్నారు. "ఇనుము పనికిరాదట. దారంతోనే కట్టాలట. పంతులుగారు చెప్పారు." ఆవిడ ఆయన వైపు ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి తెల్లదారం తెచ్చింది.

దేవుడి పటాలు ఒళ్లో పెట్టుకుని నేను ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాను. ఎత్తంతా ఎక్కాం. ముల్లు కదల్లేదు. స్టూడియోలో వేళకు కొబ్బరికాయ కొట్టారు, నిర్మాత మామగారి భుజం తట్టాడు. ఆ సినిమా వెనకే మరో రెండు మూడు వచ్చాయి. అంత చేసిన నన్ను చూసి ఆయనన్నది ఒక్కటే మాట: "డబ్బా నింపారా?"

మొన్న పెద్దకర్మ అయిన తర్వాతి శుక్రవారం, కారు ఊరికే ఉంటే పాడవుతుందని ఒకసారి స్టార్ట్ చేశాను. అత్తయ్యగారు నిమ్మకాయలతో వచ్చింది. దారం బాగా పాతది, కట్టబోతుంటే తెగింది. నేను ధ్యాస లేకుండా, "వైరు ఏమైనా ఉందేమో చూడనా?" అన్నాను.

"వద్దు బాబూ. మళ్లీ రేడియేటర్‌కి చిల్లు పడుతుంది."

నేను ఇంజిన్ ఆపేశాను.

"ఆ మర్నాడే గుడికెళ్లి పంతులుగారిని అడిగాను. నేనెప్పుడు చెప్పానమ్మా అన్నారు. ఉతకడానికి ప్యాంటు తీస్తే జేబులో వైరు ఉంది. కొనంతా పసుపు" అంది. "నాకు తెలియకూడదని అంత తాపత్రయపడ్డారు. తెలిసిందంటే ఆయన బాధపడరూ?"

ఆవిడ దారం ముడివేసి మళ్లీ కట్టింది. నేను అలవాటుగా వంగి కారు కిందికి చూశాను. నేల పొడిగా ఉంది. లేచేసరికి అత్తయ్యగారు పంపు దగ్గర నూనె డబ్బా పెట్టి నీళ్లు పడుతోంది. నిండేదాకా నిలబడి, కొంగుతో డబ్బా అంచు తుడిచి, ఎక్కడికీ వెళ్లని కారు డిక్కీలో పెట్టి మూత వేసింది.