అడిగి నడిచిన దారి

మా ముందింటాయన గేటు పెట్టించిన రోజు దానికి కొబ్బరికాయ కూడా కొట్టాడు. కొత్త ఇంటికి కొడతారు, కొత్త బండికి కొడతారు. పక్కవాళ్ల దారి మూసినందుకు కొబ్బరికాయ కొట్టిన మనిషిని టాటానగర్‌లో మా బిర్సానగర్ పేట మొత్తం మీద ఈయన్నే చూశాను. ప్రసాదం మాకూ పంపాడు. నేను ముట్టలేదు. నాన్న కళ్లకద్దుకుని తిన్నాడు.

మాది వెనక ప్లాటు. రోడ్డెక్కాలంటే ఆయన స్థలంలోంచి, ఆయన గోడ పక్కనే పోయే సన్నటి దారిలో నడవాలి. నేను బడికి వెళ్లిందీ, మా ఇంటికి ఇటుకలు వచ్చిందీ, అక్క పెళ్లికి బాజాలు వచ్చిందీ దాంట్లోంచే. ఇప్పుడు ఆయన కొడుకు కారు కొన్నాడు, నిలపడానికి చోటు కావాలి. మాకు ఇంకో దారి లేదా అంటే ఉంది, పెరటి వెనక నాలా గట్టు. ఆ జారుడు గట్టు మీద మేకలు నడుస్తాయి, గతిలేక మేమూ నడుస్తాం. మోకాళ్లు అరిగిపోయి వాకర్ పట్టుకుని అడుగులో అడుగు వేసే మా అమ్మ నడవలేదు. గేటుకి తాళం పడ్డాక ఆవిడ ఆటో ఎక్కి బిష్టుపూర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆగిపోయింది. మేం కోర్టుకెక్కింది అందుకే.

ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం మనిషే. నాన్న ఆయన్ని బావగారూ అంటాడు. ఏ వరసా లేదు. ఊరుగాని ఊళ్లో తెలుగు వినబడితే చాలు, నాన్నకి చుట్టరికం పుట్టుకొస్తుంది. ప్రతి దసరాకీ మిఠాయి పొట్లం పట్టుకెళ్లి, ఆయన కుర్చీ ముందు నిలబడి, "బావగారూ, మీ జాగాలోంచి ఎల్తన్నాం, ఏటీ అనుకోకండి" అనేవాడు. ఆయన మిఠాయి నోట్లో వేసుకుని, "ఎల్లండెల్లండి, నానేటి వద్దన్నానేటి?" అనేవాడు, టాటానగర్ స్టేషనంతా మాకు రాసిచ్చినట్టు. నాకు ఒళ్లు మండేది.

మా వకీలు చెప్పింది తేలిగ్గానే అర్థమైంది. ఇరవై ఏళ్లు ఎవర్నీ అడక్కుండా, మన హక్కులాగా నడిస్తే ఆ దారి మీద మనకి హక్కు వస్తుంది. అడిగి నడిచామా, అది వాళ్ల దయ. ఇష్టమున్నన్నాళ్లు ఉంచుతారు, లేనప్పుడు తీసేస్తారు. అంటే ఎవర్నీ లెక్కచెయ్యకుండా నడిచినవాడికి దారి, దణ్ణం పెట్టి నడిచినవాడికి తాళం. దిక్కుమాలిన న్యాయం. మిఠాయి ఊసు మీ అంతట మీరు ఎత్తకండి అని వకీలు నాన్నకి మరీ మరీ చెప్పాడు. నాన్న బుద్ధిగా తలూపాడు.

అవతలి వకీలు కూడా మిఠాయి ఊసెత్తలేదు. బోనులో ఉన్న నాన్నని ఎగాదిగా చూసి, ఎవర్నీ అడక్కుండా పరాయి జాగాలోకి జొరబడే రకమా మీరు అని హిందీలో అడిగాడు. అంతే, నాన్నకి పౌరుషం వచ్చేసింది. "బినా పూఛే కైసే జాయేంగే సాబ్?" అన్నాడు. అడక్కుండా ఎలా వెళ్తామట! అక్కడితో ఆగినా బాగుండేది. ప్రతి దసరాకీ అడిగేవాళ్లమనీ, కావాలంటే బావగారినే కనుక్కోమనీ, మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టామనీ ఛాతీ విరుచుకుని చెప్పాడు. మా వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముందింటాయన తల వంచుకుని నవ్వుకున్నాడు. అంత మర్యాదస్తుణ్ణి చూసి నవ్విన ఆ మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది నాకు.

తీర్పు ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు కోర్టు మెట్ల దగ్గర ఆయనా మేమూ ఒకేసారి దిగబోయాం. నాన్న గోడవారకి ఒదిగి, "మీరెల్లండి బావగారూ" అన్నాడు. ఆయన దిగి వెళ్లిపోయాడు, వెనక్కి కూడా చూడకుండా.

"ఇంకా ఏటి బావగారు నాన్నా?" అన్నాను.

"మాటకేటి పోద్దమ్మా?" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకర్ పట్టుకుని ముందు గుమ్మంలో నిలబడి గేటు వైపే చూస్తోంది. డాక్టరు దగ్గరికి కట్టుకునే చీర కట్టుకుంది. మేం పెరటివైపునుంచి వచ్చి పిలిస్తే ఇటు తిరిగింది. మా కాళ్ల బురద చూసి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.