కింది బటన్

తార్నాకలో ఉండే ఇన్నయ్యగారు యూనివర్సిటీ లైబ్రరీలో గుమాస్తా. రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తారు, చొక్కా ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా మడిచి. అక్కడ ఉన్నది క్రోనోగ్రాఫ్ వాచీ. ఖరీదు తక్కువదే. అయినా మూడు చిన్న డయళ్లు, పరుగు టైము కొలిచే రెండు బటన్లు ఉన్నదాన్ని నాలుగు షాపులు తిరిగి, షాపువాళ్లకే పాఠం చెప్పి మరీ ఎంచుకున్నారు. బ్యాటరీ అయిపోతుందని ఆ బటన్లు మాత్రం ఎన్నడూ నొక్కలేదు.

ఒకరోజు గ్రౌండ్ దగ్గర ధరణి ఆయన్ని ఆపింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్న పిల్ల. "సార్, మీది ఉరుకుడు టైమ్ చూసే వాచీ కదా? రెండు రౌండ్లు ఉరుకుత, జర చూడుండ్రి." ఆయన పై బటన్ నొక్కారు. ఆమె రొప్పుతూ వచ్చేసరికి మళ్లీ నొక్కి ఆపారు, కంగారులో కిందిదీ నొక్కేశారు. ఎంతైందో చూసేలోపే పరుగు కొలిచే ముళ్లన్నీ సున్నా దగ్గరికి వెళ్లి నిలబడ్డాయి. "ఎంత సార్?" అంది. "నాలుగు నిమిషాలమ్మా," అని నోటికొచ్చింది చెప్పారు. "నిజంగనా! నిన్న ఐదు దాటింది సార్." ఆ పిల్ల అక్కడే మట్టిలో కూర్చుని, నవ్వుతూ వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

ఇప్పుడు ఆయన చొక్కా చేతులు రెండూ మణికట్టు దాకా గుండీ పెట్టే ఉంటాయి. ఎవరైనా టైమెంతని అడిగితే జేబులోంచి ఫోన్ తీసి చూస్తారు.