లోగనాయకి బరువుకు కుదిరిన కారు

లోగనాయకి ఇరవై రెండేళ్లు పుదుచ్చేరిలో స్కూలు వ్యాను నడిపింది. వెనక సీట్లలో పిల్లలు కునుకుతుంటే గుంతను దూరం నుంచే పసిగట్టి, చక్రం దిగిందో లేదో తెలియనట్టు దాటించేది. ఆ పని మానేశాక ఇందిరా నగర్‌లో అన్న విజయరంగన్ ఇంటి పక్క వాటాలో ఉంటోంది. మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని కళ్లు మూసుకుంటే, కింద నేల ఇంకా మెల్లగా కదులుతున్నట్టే ఉండేది ఆమెకు.

విజయరంగన్ తేంగాయితిట్టు చేపల రేవులో పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. అంతకు చాలా ముందు, కుర్రతనంలో, సుందరమూర్తి అనే కారు పందేల డ్రైవరు దగ్గర మెకానిక్కు. ఆ సుందరమూర్తి పోతూ పోతూ తన పాత పందెం కారు ఇతనికి ఇచ్చాడు. ఒక్క మనిషి పట్టే కారు. పైకప్పు లేదు, ఇంజను వెనకాల. రెండేళ్లు తంటాలు పడి ఇంజనును బతికించాడు గానీ, నాలుగు షాకబ్జార్బర్ల నుంచీ ఆయిలు కారిపోయింది. మూల పట్టి నొక్కి వదిలితే కారు ఊగుతూనే ఉండేది.

సరిగ్గా అలాంటివి విదేశం నుంచి రావాలి. ధర విని ఫోను పెట్టేసి ఆ పూట అన్నం తినలేదు. పాత సామాన్ల అంగట్లో చిన్న కారువి దొరికాయి, పొడవు ఎక్కువ. ఆటోవి బిగిస్తే మరీ గట్టి, గులకరాయి తగిలినా కారు ఎగిరిపడింది.

ఒక ఉదయం లోగనాయకి కూరగాయలు తెస్తుంటే ముందు ఒక మోటారు సైకిలు పోతోంది. మొగుడు, పెళ్లాం, మధ్యలో బిడ్డ, పక్కన గ్యాసు సిలిండరు. స్పీడు బ్రేకరు మీద బండి ఒక్కసారి కుంగి, లేచి, నిమ్మళంగా సాగిపోయింది. ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఇంటికొచ్చి సంచి దించకుండానే అంది:

“అన్నా, బైకుకి వెనక షాకబ్జార్బర్లు రెండే గదా ఉండేది? అంత బరువు మోస్తాండాయే! నీ కారుకి నాలుగుండాయి. కూర్చునేది ఒక్క మనిషి.”

విజయరంగన్ స్పానరు కింద పెట్టాడు. “ఏందన్నావు నాయకీ? ఇంకోసారి చెప్పు.”

మర్నాడే చేపలు తూచే కాటాలు నాలుగు రేవు నుంచి అడిగి తెచ్చాడు. ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టాడు. మనిషి కూర్చుంటే గానీ అసలు బరువు తెలియదు. అతనికా, మోకాలు ఆపరేషనయ్యాక కాలు వంగదు.

“నువ్వు కూర్చో.”

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆ ఇరుకు సీటులోకి జారింది. నేలకు జానెడు ఎత్తున ఉంది. వేపాకుల నీడ కారు ముందు రేకు మీద పాకుతుంటే, కారే కదులుతోందనిపించింది. అన్న అంకెలు చదువుతున్నాడు. ఆమెకు వినపడలేదు.

ఆ అంకెలకు పెద్ద బైకుల షాకబ్జార్బర్లే కుదిరాయి. పూర్తిగా లాగినప్పటి పొడవూ, నొక్కినప్పటి పొడవూ రెండూ సరిపోయాయి. ఇంజను బరువు కోసం వెనక వాటి స్ప్రింగులు రెండు మెట్లు బిగించాడు. ఈసారి మూల నొక్కి వదిలితే కారు ఒక్కసారి లేచి ఆగింది.

కాలాపేట దగ్గర సముద్రపొడ్డున వాళ్ల బంధువు తిలగానికి సరుగుడు తోట ఉంది. దాని మధ్యన సొంత దారి. బాడుగ వ్యానులో కారును అక్కడికి చేర్చాక, విజయరంగన్ హెల్మెట్టు చెల్లెలికి ఇచ్చాడు.

“నేనా? నీ కారన్నా ఇది!”

“కొలతంతా నీ బరువుకి పెట్టిండాను. నాకు యాడ కుదరతాది?” అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

లోగనాయకి పోనిచ్చింది. సరుగుడు చెట్లు రెండు పక్కలా పొగలా వెనక్కి పోయాయి. సముద్రం హోరూ ఇంజను హోరూ ఒకటైపోయాయి. వేర్లు పొడుచుకొచ్చిన చోట కారు నీళ్ల మీద తేలినట్టు లేచి దిగింది. మలుపులో ఒరగలేదు. ఎక్కడికి పోతున్నదీ, ఎంతసేపైందీ ఆమెకు తెలియలేదు. రెండు సార్లు తిరిగొచ్చి ఆపింది.

“వెనక ఎడమ పక్కది కొంచెం మెత్తగుండాది,” అంది దిగగానే.

విజయరంగన్ నవ్వాడు. కళ్లు తడిగా ఉన్నాయి. అక్కడే ఆ స్ప్రింగు ఇంకో మెట్టు బిగించాడు.

ఇంటికి తిరిగొస్తూ వ్యానులో అతను అడిగాడు: “ఆ మలుపులో ఎట్లుండింది?”

ఆమె చెప్పింది. అతను మళ్లీ అడిగాడు. ఈసారి ఇంకా మెల్లగా, వేర్ల దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పింది.