తోలడం కాదు, తోయడం

నిన్న తెల్లవారాక అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ లేడ్రా" అంది.

ఏ ఊరు వెళ్లాడని అడిగాను.

అటువైపు నుంచి ఏడుపు వినిపించేదాకా ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు.

పాతపట్నం దగ్గర తన జీడితోట అడుగున, ప్లాస్టిక్ కుర్చీలో, కొండవాలు వైపు చూస్తూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నాడు డాక్టరు. చేతిలో గళ్ల తువ్వాలు ఉంది. పందెంలో మొదట వచ్చిన బండికి ఊపే జెండా అదే.

ఎవరి కోసం పట్టుకున్నాడో తెలియదు. ఆ వేళకు వాలు మీద ఎవరూ లేరు.

మా బావ తవిటినాయుడు గురించి తెలియని మిత్రులకు కొంత విన్నవించాలి. పందెం కార్యదర్శిగా అది నా విధి. జీతం లేదు, కుర్చీ లేదు, పదవి మాత్రం బావ ఇచ్చాడు.

ఏటా జీడిపిక్కలు ఏరడం అయ్యాక, తోటలోని మట్టిబాటలో పాత మోటార్‌సైకిళ్ల పందెం పెట్టేవాడు. రోడ్డుకు పనికిరాని బండ్లు. తోలేవాళ్లు రైతులు, ఇద్దరు టీచర్లు, ఒక టైలర్. బహుమతి ఒక ఇత్తడి చెంబు. జనం చెట్లెక్కి మరీ చూసేవారు. ఆ మోత వింటే బావకు ఆ రోజు అన్నం కూడా అక్కరలేదు.

ఒక ఏడు అధికారి ఒకరు వచ్చి నిబంధన వినిపించారు. జనం చేరితే సొంత తోట కూడా బహిరంగ స్థలమేనట. అక్కడ ఇన్సూరెన్స్ లేని బండి తిరగరాదట.

సబబే. బావ ఏజెంటు దగ్గరకు వెళ్లాడు. నేనూ వెళ్లాను, హోదా రీత్యా.

"సంతకెళ్లే బండికైతే సేస్తాం నాయుడుగారూ. పందేనికెళ్లే బండికి కుదర్దు."

"మేమూ సంతకే యెల్తాం బాబూ. కాకపోతే ఎవుడు ముందెల్తాడో సూసుకుంటాం."

ఏజెంటు నవ్వాడు. పాలసీ మాత్రం ఇవ్వలేదు.

బావ చట్టాన్ని ఎదిరించే మనిషి కాడు. అది ఏది అడ్డమంటే దాన్ని తీసేశాడు.

మొదట జనాన్ని తీసేశాడు. జనం లేకపోతే బహిరంగ స్థలం కాదు కదా. చెట్లు ఖాళీ అయ్యాయి.

మరుసటి ఏడు ఇంజన్లు. ఆడని ఇంజన్ ఉన్న బండి మోటారు బండి ఎలా అవుతుందని బావ వాదన. అందరూ న్యూట్రల్‌లో వాలు దిగారు. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు పొద్దుటి కొండమంచులోంచి చప్పుడు లేకుండా జారి రావడం చూసి, మేకల కాపరి ఒకాయన మేకల్ని వదిలేసి పారిపోయాడు.

నిరుడు ఏజెంటు ఇంకో అనుమానం లేవనెత్తాడు. మీద మనిషి కూర్చుంటే అది డ్రైవింగే అన్నాడు.

బావ మనుషుల్ని కూడా తీసేశాడు.

పైనుంచి నేను బండ్లను ఒక్కొక్కటే తోశాను. కింద బావ ఒక్కడే. తెల్లటి మంచు, కంకర నలిగే చప్పుడు, అంతే. దాదాపు అన్నీ మలుపులోనే పడిపోయాయి. నీలం బండి ఒక్కటి మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పుకుంది. నేను పరుగున దిగేసరికి అది బావ మోకాలికి ఆనుకుని నిలబడి ఉంది. బావ తువ్వాలు ఊపుతున్నాడు.

"ఎవుడు గెలిసేడు బావా?"

"ఆడే."

"ఆడెవుడు?"

"ముందొచ్చినోడు. కార్యదర్శివి, ఆమాత్రం తెలీదేట్రా?"

సీటు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఆ ఉదయం ఎండ రాలేదు. నమోదు చేస్తున్నాను, అంతే.

ఆ తర్వాత బావ మారిపోయాడు. "అన్నీ తీసీసినాక ఇంకేటుందిరా? ఈ యేడు ఇంజన్లు ఆడాల. జనం రావాల. నా సెవుల్తో ఇనాల" అన్నాడు. పందెం జరిగే ఒక్క రోజుకు పాలసీ ఇమ్మని కంపెనీని బతిమాలాడు. ఇస్తారన్న నమ్మకంతో బండ్లన్నిటిలో పెట్రోలు పోయించాడు.

మొన్న సాయంత్రం జవాబు వచ్చింది. పందెం అనే మాట ఉన్నచోట పాలసీ ఉండదట.

నిన్న తెల్లారి బావ కుర్చీ తీసుకుని వాలు కిందికి వెళ్లాడు.

మధ్యాహ్నం పాడె వెనక పందెం వాళ్లందరూ ఆ బండ్లను పట్టుకుని నడిచారు. రోడ్డు మీద కానిస్టేబుల్ ఆపాడు.

"ఈటికి ఇన్సూరెన్సులున్నాయేటి? లేకండా ఎలా తోల్తన్నారు?"

"తోల్లేదు సార్. తోస్తన్నాం" అన్నాడు టైలర్ గవరయ్య.

కానిస్టేబుల్ పాడె వైపు చూశాడు. టోపీ తీశాడు. కాసేపటికి తానూ ఒక బండి వెనక చెయ్యి వేశాడు. చట్టరీత్యా ఆయన కూడా తోలలేదు.

మా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానం దాకా రారు. తోట వాలు కిందుగా పారే వాగు ఒడ్డున అక్క ఆగిపోయింది. పాడె దింపించింది.

"రూలు రూలని అన్నీ తీసీసినారు. ఆఖరికి ఆయన్నీ తీసీసినారు. ఒక్కపాలి ఇంజన్లెయ్యండ్రా. ఆయనకి ఇనబడాల."

అందరూ నా వైపు చూశారు. వాగు ఒడ్డు బహిరంగ స్థలమే. జనమూ ఉన్నారు. కార్యదర్శి హోదాలో నిర్ణయం ప్రకటించాను: స్టాండు వేసి, గేరు వేయకుండా, సీటు మీద ఎవరూ కూర్చోకుండా మోగించవచ్చు.

ఏళ్ల తర్వాత అన్నీ ఒక్కసారి మోగాయి. అక్క కళ్లు మూసుకుని వింది. చాలనిపించాక తలూపింది. నేను చెయ్యెత్తాను. అన్నీ ఆపేశారు.

ఒకటి ఆగలేదు.

మా దగ్గర కాదు. పైన, జీడితోట వాలు మీద. మలుపు దాకా వచ్చింది, తగ్గింది, మళ్లీ అందుకుంది.

ప్రతిధ్వని అన్నాడు కానిస్టేబుల్.

కావచ్చు. అయితే ప్రతిధ్వని మలుపులో గేరు మార్చడం నేను ఇదివరకు వినలేదు.

వెళ్లిరా బావా. నీకు శాంతి దొరకాలి. నిశ్శబ్దం మాత్రం వద్దు, అది నీకు ఇక్కడే చాలా అయింది.